రెండు తాళాల గది
(స్మారకోపన్యాస పాఠం)



మనవాళ్లు ఏ సంఘం పెట్టుకున్నా, భజన సమాజమైనా అపార్టుమెంటు సంఘమైనా, ముగ్గుర్ని తప్పకుండా ఎన్నుకుంటారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. మరి రాష్ట్రానికి కోశాధికారి ఎవరు? ఆర్థిక మంత్రి అని చాలామంది అనుకుంటారు. ఆయన బడ్జెట్ ప్రవేశపెడతారు గానీ ఒక్క బిల్లు మీద కూడా డబ్బు ఇవ్వమని సంతకం చేయరు. అకౌంటెంట్ జనరల్ అందామంటే ఆయనది లెక్క తేల్చే పని. రిజర్వు బ్యాంకు ఖాతా నడుపుతుంది, అంతవరకే. రాజ్యాంగం మొత్తం తిరగేసినా రాష్ట్ర కోశాధికారి అనే పదవి దొరకదు. 266వ అధికరణం రాష్ట్ర సంచిత నిధిని ఏర్పాటు చేసి, చట్టప్రకారం తప్ప అందులోంచి పైసా తీయరాదంటుంది. 204వది శాసనసభ ఆమోదం కావాలంటుంది. 283వది ఆ డబ్బును ఎలా భద్రపరచాలో, ఎలా జమ చేయాలో, ఎలా తీయాలో రాష్ట్రం చట్టంగానో, చట్టం వచ్చేదాకా గవర్నరు నియమాలుగానో రాసుకోమంటుంది. పని ఉంది, పదవి లేదు. ఆ పనిని ముక్కలు చేసి ఎందరికో పంచారు. అందులో ఒక ముక్క తాలూకా స్థాయిలో సబ్ ట్రెజరీ ఆఫీసరు చేతికొచ్చింది.

ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ కలుసుకున్నామో ఆయన పేరు వెనక బ్యానరు మీద ఉంది. ఊరంతా ఎస్‌టీవో గారనే పిలిచింది కాబట్టి నేనూ అలాగే అంటాను. సబ్ ట్రెజరీలో గుమస్తాగా చేరి, సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యారు. నేను అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో, అంటే ఏజీ ఆఫీసులో, ఆడిట్ వైపు పనిచేశాను. ఆయన పంపిన వోచర్లలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. అక్కడ మొదలైన పరిచయం చివరిదాకా నిలిచింది. ఆయన ఉద్యోగ జీవితమంతా ఒక్క సూత్రం మీద నడిచింది. ఖర్చు పెట్టమనే చెయ్యి, డబ్బు ఇచ్చే చెయ్యి వేరువేరుగా ఉండాలి. ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని దెబ్బలు తిన్నది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఇవే ఇవాళ నేను చెప్పదలచినవి.

అమెరికాలో చాలా రాష్ట్రాలకు కోశాధికారి ఉంటాడు. ఎక్కువ చోట్ల జనమే ఓటేసి ఎన్నుకుంటారు. కెంటకీ రాష్ట్రంలో జేమ్స్ టేట్ అనే ఆయన 1867లో మొదటిసారి గెలిచి, ఇరవయ్యేళ్లు వరసగా గెలుస్తూనే వచ్చాడు. ఊరూవాడా ఆయనకు నిజాయతీపరుడని బిరుదు పెట్టింది. ఆ నమ్మకం మీదే ఎవరూ లెక్క అడగలేదు. 1888 మార్చిలో రెండు పొగాకు సంచుల్లో వెండి, బంగారు నాణేలు నింపుకొని, లూయీవిల్ వెళ్లొస్తానని చీటీ రాసిపెట్టి వెళ్లినవాడు మళ్లీ కనబడలేదు. పోయిన సొమ్ము రెండు లక్షల నలభై వేల డాలర్ల పైచిలుకని తేలింది. 1891లో రాసుకున్న కొత్త రాజ్యాంగంలో, రాష్ట్ర పదవుల్లో ఉన్నవాళ్లు వరసగా రెండోసారి గెలవకుండా అడ్డుకట్ట వేశారు. టెక్సస్ అయితే 1995లో జనాభిప్రాయం తీసుకుని, మరుసటేడు ఆ పదవినే ఎత్తేసి పనిని కంప్ట్రోలర్‌కు అప్పగించింది.

అంత దూరం పోకుండానే మన హైదరాబాదు చరిత్రలో ఇంతకంటే పెద్ద పాఠాలు రెండున్నాయి.

మొదటిది 1853 నాటిది. హైదరాబాదు కాంటింజెంటు అనే సైన్యాన్ని నడిపింది కంపెనీవాళ్లు, జీతాలివ్వాల్సింది నిజాం. ఖజానాలో డబ్బు లేదు. మాలు వసూలు చేసే తాలూక్‌దార్లలో చాలామంది గుత్తదార్లు. దివాణానికి ముందే అప్పిచ్చి, ఆ అప్పు కింద తాలూకాలను రాయించుకుని, రైతు దగ్గర పిండుకునేవాళ్లు. వసూలైన సొమ్ము ఖజానా గుమ్మం దాకా రాకుండానే వడ్డీ కింద పోయేది. సైన్యం జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఆ బకాయిల కిందే 1853 మే 21న బీరారునూ, దాంతోపాటు రాయచూరు దోఆబునూ, నల్దుర్గం వైపు జిల్లాలనూ ఇంగ్లీషువారి అజమాయిషీకి రాసివ్వాల్సి వచ్చింది. చివరి రెండూ 1860లో తిరిగొచ్చాయి. బీరారు ఇంగ్లీషువారి పాలన నుంచి వెనక్కి రానే లేదు. ఆ ఒప్పందం జరిగిన పది రోజులకే ఇరవై నాలుగేళ్ల సాలార్‌జంగ్ దివాను అయ్యాడు. ఆయన చేసిన పనుల్లో మనకు కావలసింది ఒకటి. అప్పిచ్చినవాడే వసూలు చేసుకునే పద్ధతిని తప్పించి, జీతం మీద బతికే అధికార్లను పెట్టి, వసూలైనది ముందు ఖజానాకు చేరాలన్నాడు. మ్యూజియం పేరు చెబితే అందరికీ ఆ ఇంటిపేరు తెలుసు. ఈ పని సంగతి మాత్రం మన బడి పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించదు. అది నాకు బాధ.

రెండోది 1948 నాటిది. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. మూడు రోజులకు, 20వ తేదీన, లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు రాజ్యం పేరున ఉన్న 10 లక్షల పౌండ్ల చిల్లర అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరుకు మారిపోయింది. ఆర్థిక మంత్రిగా ఉన్న మొయిన్ నవాజ్ జంగ్ పేరు ఈ వ్యవహారంతో ముడిపడిపోయింది. నా అనుమతి లేదు, వెనక్కివ్వండని వారం తిరిగేసరికి నిజాం బ్యాంకుకు రాశాడు. బ్యాంకు ఇవ్వలేదు. కేసు బ్రిటన్ ప్రభువుల సభ దాకా వెళ్లి ఆగిపోయింది, డబ్బు స్తంభించిపోయింది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు అది భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. రాజ్యం డబ్బు మీద ఇద్దరు ముగ్గురికి మాత్రమే అధికారం ఉండి, అడ్డు చెప్పేవాడు లేకపోవడంతో, ఒక్క బదిలీని సరిదిద్దడానికి డెబ్భై ఒక్క ఏళ్లు పట్టింది.

ఇక ఆంధ్ర వైపు, అంటే మద్రాసు రాజధాని కింద ఉన్న జిల్లాల్లో, ఖజానా పుట్టుక వేరు. జిల్లా కలెక్టరు కచేరీలో ఉన్నది హుజూరు ట్రెజరీ. తాలూకాలో తహసీల్దారు కచేరీలోనే సబ్ ట్రెజరీ. ఒకే ఆవరణలో తహసీల్దారు గది, సబ్ జైలు, ఖజానా గది, దాని ముందు తుపాకీతో పోలీసు పహరా. పాత తాలూకా కచేరీలు కూల్చని ఊళ్లలో ఆ గది ఇప్పటికీ ఉంటుంది. మందపాటి గోడలు, చిన్న కిటికీ, ఇనుప ఊచలు. దాని తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, రెండోది ఖజాంచీ దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. రోజువారీ ఖర్చుకు కావలసిన కొద్దిపాటి డబ్బు మాత్రం బయట ఒంటి తాళం పెట్టెలో ఉంటుంది. నాణెం మంచిదో చెల్లనిదో మోగించి, చూసి చెప్పడానికి షరాబు ఉండేవాడు. ఆ ఉద్యోగం పేరు ట్రెజరీల్లో ష్రాఫ్‌గా నిలిచిపోయింది. నగదు ఎప్పుడో బ్యాంకుకు వెళ్లిపోయింది. 1921లో ఇంపీరియల్ బ్యాంకు వచ్చాక, తర్వాత 1955లో స్టేటు బ్యాంకు అయ్యాక, బ్రాంచి ఉన్న ఊళ్లో బ్యాంకే చెల్లింపులు చేసేది. బ్రాంచి లేని చోట మాత్రం ట్రెజరీయే నోట్లు లెక్కపెట్టి ఇచ్చేది. ఇప్పుడు ఆ రెండు తాళాల గదిలో మిగిలినవి స్టాంపు పేపర్లు, సీళ్లు వేసిన కవర్లు, ఎన్నికలప్పుడు బ్యాలెట్ పేపర్లు.

ఆ రెండు తాళాలు కాగితం మీదికి ఎలా వచ్చాయో చెబితే గానీ ఎస్‌టీవో గారి పని అర్థం కాదు. అందుకని ఒక బిల్లు వెంట కాసేపు నడుద్దాం.

ఒక హైస్కూలు హెడ్మాస్టరు జీతాల బిల్లు ఫారం 47 మీద రాసి ట్రెజరీకి పంపాడు. కౌంటరులో టోకెన్ నంబరు పడింది. బిల్లు ఆడిట్ గుమస్తా బల్ల మీదికి వచ్చింది. అతను ముందు చూసేది సంతకం. హెడ్మాస్టరు నమూనా సంతకం ట్రెజరీలో ఉంటుంది, దానితో సరిపోవాలి. తర్వాత పద్దు. 2202 అంటే సాధారణ విద్య, 2071 అంటే పింఛన్లు. జమల వైపైతే 0030 స్టాంపులు, రిజిస్ట్రేషన్లు. 1987 నుంచీ ఈ నాలుగంకెల పద్దులే దేశమంతటా. పద్దు తప్పితే ఉపాధ్యాయుడి జీతం ఏ రోడ్డు మరమ్మతు కిందో లెక్కకెక్కుతుంది. ఆ తర్వాత ఆ పద్దులో బడ్జెట్ మిగిలి ఉందా, కొత్తగా చేరినవాళ్లకు నియామకం ఉత్తర్వు ఉందా, ఇంక్రిమెంటు తేదీ వచ్చిందా, కోతలు సరిపోయాయా, అంకెల్లో రాసినదీ అక్షరాల్లో రాసినదీ ఒకటేనా. మొత్తం దిద్దకుండా ఎర్ర సిరాతో అడ్డంగా ‘ఇంత రూపాయల లోపు’ అని రాసి ఉండాలి. ఇవన్నీ కుదిరితే గుమస్తా పొట్టి సంతకం, అకౌంటెంట్ పొట్టి సంతకం, చివరికి ఎస్‌టీవో గారు ‘చెల్లించవచ్చు’ అని రాసి చేసే సంతకం. కుదరకపోతే అభ్యంతరం రాసి వెనక్కి.

ఈ అభ్యంతరం అనే అధికారం మీద జనానికి కోపముంది. ఆ కోపంలో న్యాయముంది. బిల్లు కదలాలంటే చెయ్యి తడపాలని, ఒక్కో కొర్రీ ఒక్కోసారి వేసి నాలుగుసార్లు తిప్పుతారని అన్ని జిల్లాల్లోనూ వినబడేదే. ఎస్‌టీవో గారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. అభ్యంతరాలన్నీ ఒకే కాగితం మీద, ఒకేసారి. రెండోసారి కొత్త అభ్యంతరం వేయాలంటే గుమస్తా స్వయంగా ఆయన గదిలోకి వచ్చి కారణం చెప్పాలి. ఒకసారి నేను ఇన్‌స్పెక్షనుకు వెళ్లినప్పుడు ఒక టీచరు భార్య ఫ్యామిలీ పింఛను కాగితాలతో వచ్చి నిలబడింది. పింఛను పేపరులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. మూడో పేరు ఆధార్‌లో. “అమ్మా, కూర్చోండి. పేరు మార్పుకు ఏమేం కావాలో నేనే రాసిస్తాను, మళ్లీ మళ్లీ తిరగకండి,” అని ఆయనే కాగితం తీసుకుని వరుసగా రాసిచ్చారు. “ఇవి తెచ్చి నాకే ఇవ్వండి.” అదే రోజు ఒక పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన కంటింజెంటు బిల్లును మంజూరు ఉత్తర్వు నంబరు లేదని తిప్పి పంపారు. మార్చి నెలాఖరు. బిల్లు తెచ్చినాయన బతిమాలాడు, “సార్, ఎల్లుండికి బడ్జెట్ లాప్సయిపోతుందండీ.” ఆయన గొంతు పెంచలేదు. “ఉత్తర్వు తెండి బాబూ, రాత్రి పది దాకా ఇక్కడే ఉంటాను,” అన్నారు. ఉన్నారు కూడా.

ఆ ఒక్క సంతకం ఎంత విలువైనదో తెలియాలంటే చైబాసా చూడాలి. అప్పటి బిహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో, పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా కేంద్రం అది. పశుసంవర్ధక శాఖ తీసుకుంటున్న సొమ్ము బడ్జెట్‌ను మించిపోతోందని రాష్ట్ర ఆర్థిక శాఖలో వి.ఎస్.దూబే గుర్తించి జిల్లాలకు తనిఖీ చేయమని చెప్పారు. 1996 జనవరి 27న డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే ఆ శాఖ ఆఫీసుల మీద దాడి చేశారు. దొంగ కేటాయింపు పత్రాలు, లేని పశువులకు లేని దాణా, దాన్ని మోసిన లారీలు. కాగ్ ఆడిట్‌లో ఆ లారీ నంబర్లను చూస్తే కొన్ని స్కూటర్లవని తేలింది. చైబాసా, దేవ్‌ఘర్, దుమ్కా, డోరండా, ఇలా ఒక్కో ట్రెజరీ మీదా కేసులు. మొత్తం సుమారు 950 కోట్లంటారు. చైబాసా ట్రెజరీ నుంచి 37.7 కోట్లు కాజేసిన కేసులో 2013లో సీబీఐ కోర్టు మాజీ ముఖ్యమంత్రులు లాలూ ప్రసాద్, జగన్నాథ్ మిశ్రాలను దోషులుగా తేల్చింది. పత్రికలన్నీ వాళ్ల గురించే రాశాయి. నేను చూసింది వేరు. ఆ కేసుల్లో ట్రెజరీ అధికారులు కూడా ఉన్నారు. ఒక శాఖ తన బడ్జెట్ కంటే ఎక్కువ తీసుకోవాలంటే ఏదో ఒక ట్రెజరీలో ఏదో ఒక బల్ల మీద ఆ బిల్లు అభ్యంతరం లేకుండా దాటాలి. ఏళ్ల తరబడి, వందలసార్లు, దాటింది. రెండు తాళంచెవులూ ఒకే జేబులోకి చేరాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్ అనే కంప్యూటర్ చెల్లింపుల వ్యవస్థ వచ్చింది. తెలంగాణలో అలాంటిదే ఐఎఫ్‌ఎంఐఎస్ నడుస్తోంది. బిల్లు కంప్యూటర్‌లోనే పుట్టి, కంప్యూటర్‌లోనే ఆడిటై, రిజర్వు బ్యాంకు ద్వారా నేరుగా లబ్ధిదారు ఖాతాకు వెళ్తుంది. చెక్కు పట్టుకుని బ్యాంకుకు పరిగెత్తే బాధ పోయింది. ఇందులో మంచి చాలా ఉంది, నేను కాదనను. అయితే ఇంకో మార్పు దీని వెంట వచ్చింది. సబ్ ట్రెజరీలో బిల్లు పాసైనంత మాత్రాన డబ్బు రాదు. పాసైన బిల్లు క్యూలో నిలబడుతుంది. ఆ క్యూలోంచి ఈరోజు ఏ బిల్లు కదలాలో రాజధానిలో ఆర్థిక శాఖ తేలుస్తుంది. దీనికి వాళ్ల కారణం వాళ్లకుంది. రిజర్వు బ్యాంకు దగ్గర రాష్ట్రం ఖాతాలో కనీస నిల్వ ఉండాలి. తగ్గితే చేబదులు, అది దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. వరసగా 14 పనిరోజులు ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే చెల్లింపులు ఆగిపోతాయి. రోజూ సాయంత్రం ఆ అంకె చూసుకుంటూ నిద్రపోని అధికారులను నేనెరుగుదును. డబ్బు లేనప్పుడు ఎవరో ఒకరు ముందు, ఎవరో ఒకరు వెనక నిలబడక తప్పదు.

ఎవరు ముందు, ఎవరు వెనక అనే నిర్ణయానికి మాత్రం రాతపూర్వకమైన నియమం లేదు. కనీసం బయటికి కనబడే నియమం లేదు. ఉద్యోగులూ కాంట్రాక్టర్లూ ఒకర్నొకరు అడిగే మాట ‘ఫ్రీజింగ్ ఎత్తేశారా?’ అనే. ఆ ఫ్రీజింగ్, అంటే చెల్లింపుల నిలుపుదల, ఎప్పుడు మొదలైందో, ఏ పద్దులకో, ఎవరి ఉత్తర్వుతోనో పాసైన బిల్లు పట్టుకుని నిలబడ్డవాడికి ఎవరూ చెప్పరు. అభ్యంతరం రాసే రోజుల్లో కాగితం మీద కారణం ఉండేది. దానిమీద పోట్లాడే వీలుండేది. ఇప్పుడు బిల్లుకు అభ్యంతరమూ లేదు, చెల్లింపూ లేదు.

ఫలితం కోర్టుల్లో కనబడుతోంది. 2020 మార్చిలో కరోనా కారణం చెప్పి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి కోర్టుకు వెళ్లారు. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించింది, బాధ్యతను మాత్రం తగ్గించలేదు. జీతమూ పింఛనూ ఉద్యోగి హక్కు అన్న మాటను నిలబెట్టింది. తెలంగాణ కూడా అప్పుడు కోత పెట్టింది. జూన్‌లో ఒక ఆర్డినెన్సు తెచ్చి దానికి చట్టం అండ చూపింది. ఆ ఆర్డినెన్సు నాకు నచ్చలేదు. అయినా అది కాగితం మీద ఉంది, సభ ముందుకు వెళ్లాల్సిన వస్తువు అయింది, ఎవరైనా సవాలు చేయడానికి వీలైంది. ఆ తేడా చిన్నది కాదు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రజాపద్దుల కమిటీ అధ్యక్షుడిగా ఉన్న పయ్యావుల కేశవ్, సుమారు 41 వేల కోట్ల చెల్లింపులకు ట్రెజరీ నియమాల ప్రకారం ఉండాల్సిన బిల్లులు, వోచర్లు లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి లెక్కల సర్దుబాట్లే, డబ్బు బయటికి పోలేదని అప్పటి ప్రభుత్వం జవాబిచ్చింది. ఎవరి మాట నిజమో తేల్చే వేదిక ఇది కాదు. నాకు కనబడిన విషయం మరొకటి. నా సర్వీసులో అలాంటి ప్రశ్న వస్తే ఫలానా సబ్ ట్రెజరీకి వెళ్లి, ఫలానా నెల వోచర్ల కట్ట విప్పి, పొట్టి సంతకాలు చూసి సాయంత్రానికి జవాబు చెప్పేవాళ్లం. లెక్క కంప్యూటర్ లోపల జరిగినప్పుడు ఆ కట్ట ఎక్కడుంది? ఏ బల్ల మీద ఎవరు కాదనగలిగేవారు? కేశవ్ గారు 2024లో అదే రాష్ట్రానికి ఆర్థిక మంత్రి అయ్యారు. ప్రతిపక్షంలో ఉండి ఆయన అడిగిన ప్రశ్నకు శాశ్వతమైన జవాబు నియమాల రూపంలో ఇచ్చే అవకాశం ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది. ఇవ్వాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను.

తెలంగాణలోనూ ఇదే బాధ ఇంకో రూపంలో ఉంది. 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెంచారు. మూడేళ్లు రిటైర్మెంట్లు ఆగాయి. 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషను, లీవు ఎన్‌క్యాష్‌మెంటు బిల్లులు పాసై క్యూలో ఉన్నాయి. జీతంలోంచి తాను దాచుకున్న జీపీఎఫ్ సొమ్ము కూడా అదే క్యూలో. ఆ సొమ్ము రాజ్యాంగం ప్రకారం సంచిత నిధిలోది కాదు, పబ్లిక్ అకౌంటులోది. ప్రభుత్వం దానికి యజమాని కాదు, దాచిపెట్టే ధర్మకర్త. కూతురి పెళ్లికని, ఆస్పత్రికని దాచుకున్న డబ్బు కోసం రిటైరైన టీచర్లు హైకోర్టు మెట్లెక్కుతున్నారంటే, ఏజీ ఆఫీసులో జీపీఎఫ్ స్లిప్పులు చూసిన నాలాంటివాడికి తల కొట్టేసినట్టుంటుంది.

నేను అడిగేవి పెద్ద సంస్కరణలు కావు. పాసైన ప్రతి బిల్లుకూ టోకెన్ తేదీ ఉంది. ఆ తేదీల వరుస ఎవరైనా చూసేలా బయట పెట్టాలి. ముందొచ్చిన బిల్లు ముందు చెల్లించాలి. జీతాలు, పింఛన్లు, ఆస్పత్రి మందులు లాంటివాటికి ముందు చోటిస్తే ఆ సంగతి నియమంలో రాయాలి. వరుస తప్పించి ఒక బిల్లు ఇచ్చినప్పుడు ఎవరి ఉత్తర్వుతో ఇచ్చారో ఆ బిల్లు పక్కనే కనబడాలి. ఫ్రీజింగ్ పెడితే దానికి తేదీ, పద్దులు, కారణం, సంతకం ఉన్న ఉత్తర్వు ఉండాలి, ఆ ఉత్తర్వు తర్వాతి సమావేశాల్లో శాసనసభ ముందు పెట్టాలి. ట్రెజరీ అధికారి కంప్యూటర్‌లో అభ్యంతరం వేసిన బిల్లును పై నుంచి ఎవరైనా దాటిస్తే ఆ దాటింపు ఏజీకి వెళ్లే నెలవారీ లెక్కలో విడిగా రావాలి. సాఫ్ట్‌వేరు రాసేవాళ్లకు ఇవి కష్టమైనవి కావు. బిల్లు నంబరు, తేదీ, పేరు అన్నీ అందులో ఇప్పటికే ఉన్నాయి.

జీపీఎఫ్ సొమ్ముకు మాత్రం క్యూ అనే మాటే ఉండకూడదు. బిల్లు పాసైన రోజే చెల్లించాలి. డబ్బు లేదంటే, ధర్మకర్త చేతిలో ఉండాల్సిన డబ్బు ఏమైందో అప్పుడే చెప్పాలి.